ప్రవక్తకు విగ్రహం: మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఫ్రెడరిక్ డగ్లస్

యొర్దాను దాటిన తరువాత గిల్గాలులో పన్నెండు రాళ్లు నిలువబెట్టినప్పుడు యెహోషువ ప్రజలకు ఒక సంగతి ముందుగానే చెప్పి ఉంచాడు. రాబోయే కాలంలో పిల్లలు ఈ రాళ్ల సంగతి ఏమిటని తండ్రులను అడుగుతారు, అడిగినప్పుడు చెప్పాలి అన్నాడు (యెహోషువ 4:21-22). రాళ్లు వాటంతట అవి మాట్లాడవు. పిల్లవాడు అడగాలి, పెద్దవాడు దాచకుండా చెప్పాలి. ఆ రెండూ లేకపోతే గిల్గాలులో మిగిలేది రాళ్ల కుప్పే.

మా సంఘంలో పెరిగిన ఒక అబ్బాయి పై చదువుల నిమిత్తం అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడినుండి నాకు ఒక ఫొటో పంపాడు. గ్రంథాలయం ముందున్న మైదానంలో నిలువెత్తుకు మించిన కంచు విగ్రహం. ఒక నల్లజాతి యువకుడు చెయ్యెత్తి ప్రసంగిస్తున్నాడు. ఫొటో క్రింద అబ్బాయి రాసిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, రోజూ ఈయన ముందునుండే క్లాసుకు వెళ్తాను. ఈయన ప్రసంగీకుడట, కాని సంఘాన్ని చాలా తిట్టాడట. ఈయన విశ్వాసేనా?" రెండు మాటలలో జవాబు ఇవ్వడం నాకు చేతకాలేదు. అతనికి రాసిన దానినే కొంత విస్తరించి సహ సేవకుల కోసం, వేదాంత విద్యార్థుల కోసం ఈ వ్యాసంగా సమర్పిస్తున్నాను.

విగ్రహమూ, అది నిలిచిన నేలా

ఆ విగ్రహం ఫ్రెడరిక్ డగ్లస్‌ది. బానిసగా పుట్టి, తప్పించుకొని పోయి, బానిసత్వ నిర్మూలనకు పోరాడినవారిలో అగ్రగణ్యుడైనవాడు. కాలేజ్ పార్క్‌లోని ఆ విశ్వవిద్యాలయ ఆవరణలో హార్న్‌బేక్ గ్రంథాలయం ఎదుట 'ఫ్రెడరిక్ డగ్లస్ స్క్వేర్' అనే స్థలాన్ని 2015 నవంబరులో ప్రతిష్ఠించారు. ఏడున్నర అడుగుల ఎత్తున్న విగ్రహాన్ని ఆండ్రూ ఎడ్వర్డ్స్ అనే శిల్పి చేశాడు. 1845లో ఐర్లాండు దేశానికి వెళ్లి ప్రసంగించిన నాటి యువ డగ్లస్ రూపం అది. మనం పుస్తకాలలో ఎక్కువగా చూసే నెరిసిన జుట్టు, గడ్డం ఉన్న వృద్ధుడు ఇక్కడ లేడు. ఈ ఎంపిక నాకు నచ్చింది. ఆ యాత్ర చేసేనాటికి అతడు చట్టప్రకారం ఇంకా ఒకరి ఆస్తి. మరుసటి సంవత్సరం చివర బ్రిటన్‌లోని స్నేహితులు 150 పౌండ్లు చెల్లించి అతనికి విడుదల పత్రం సంపాదించారు. కాబట్టి ఆ కంచు యువకుడు బానిసగా ఉండగానే స్వతంత్రుడివలె మాట్లాడుతున్నాడు.

అయితే విగ్రహాన్ని అది నిలిచిన నేలతో కలిపి చదవాలి. డగ్లస్ పుట్టింది మేరీలాండ్ రాష్ట్రంలోనే, చెసపీక్ అఖాతానికి తూర్పున ఉన్న టాల్బట్ కౌంటీలో, 1818లో. ఈ విద్యాలయం 1856లో మేరీలాండ్ వ్యవసాయ కళాశాలగా ఏర్పాటై 1859లో తలుపులు తెరిచింది. దాని స్థాపకుడు చార్లెస్ బెనెడిక్ట్ కాల్వర్ట్ బానిసల యజమాని. తొలి ధర్మకర్తలలో చాలామంది కూడా అంతే. మొదటి అధ్యక్షుడుగా వచ్చిన బెంజమిన్ హాలోవెల్ క్వేకరు విశ్వాసి. కళాశాల పొలంలో బానిసల చేత పని చేయించకూడదని షరతు పెట్టి పదవి తీసుకున్నాడు, కాని నెల రోజులకే వదిలి వెళ్లిపోయాడు. మేరీలాండ్‌లో బానిసత్వం చట్టప్రకారం పోయింది 1864 నవంబరు 1న, రాష్ట్రపు కొత్త రాజ్యాంగం వలన. లింకన్ 1863 విమోచన ప్రకటన తిరుగుబాటు చేసిన రాష్ట్రాలకే వర్తించింది గాని, సమాఖ్యలో నిలిచిపోయిన మేరీలాండ్‌కు వర్తించలేదు. మన పాఠ్యపుస్తకాలు ఈ తేడా చెప్పవు. ఆ తరువాత కూడా నల్లజాతి విద్యార్థి ఆ ఆవరణలో డిగ్రీ తరగతులలో కూర్చోవడానికి 1951 వరకు ఆగవలసి వచ్చింది.

ఈ సంగతులను బయటికి తీసింది ఆ విశ్వవిద్యాలయపువారే. చరిత్రకారుడు ఐరా బెర్లిన్ తన విద్యార్థులతో కలిసి పాత పత్రాలు వెదికి, తమ విద్యాలయానికీ బానిసత్వానికీ ఉన్న సంబంధంపై 2009లో ఒక నివేదిక తెచ్చాడు. డగ్లస్ విగ్రహం కోసం పట్టుపట్టిన అధ్యాపకులలో ఆయన ముఖ్యుడు. అంటే ఈ విగ్రహం వెనుక కొంత ఒప్పుకోలు ఉంది. ఇది మొదటే చెప్పాలి, ఎందుకంటే ముందు ముందు నేను అడగబోయే ప్రశ్న కఠినమైనది.

గుంటలో దొరికిన లేఖన పత్రాలు

డగ్లస్ విశ్వాస జీవితాన్ని అతని మాటలలోనే తెలుసుకోవచ్చు. 1845లో, 1855లో, 1881లో, మూడుసార్లు ఆత్మకథ రాశాడు. బాల్టిమోర్ పట్టణంలో హ్యూ ఆల్డ్ అనే యజమాని ఇంట పిల్లవాడుగా ఉన్నప్పుడు, యజమానురాలు సోఫియా బైబిలు బిగ్గరగా చదువుతుంటే విన్నాడు. ఆమె అప్పుడు చదివింది యోబు గ్రంథమట. అది విని తనకూ చదువు నేర్పమని అడిగాడు, ఆమె సంతోషంగా మొదలుపెట్టింది. భర్తకు తెలియగానే మాన్పించాడు. చదువు వస్తే బానిస బానిసగా ఉండడని అతని వాదన. ఆ ఒక్క మాటతో చదువు విలువ ఏమిటో తనకు అర్థమైందని డగ్లస్ రాశాడు. నేను ఎన్నో విద్యా వారోత్సవాలలో ప్రసంగాలు విన్నాను, చదువును గురించి ఇంత సూటియైన సాక్ష్యం వినలేదు. అది కూడా విరోధి నోటినుండి!

తరువాత వీధి పిల్లల దగ్గర రొట్టె ముక్కలిచ్చి అక్షరాలు నేర్చుకున్నాడు. పదమూడేళ్ల ప్రాయంలో మారుమనస్సు పొందాడు. బాల్టిమోర్ వీధి గుంటలలో బురదలో పడి ఉన్న బైబిలు కాగితాలను ఏరి, కడిగి, ఆరబెట్టి, తీరిక దొరికినప్పుడు చదివేవాడు. సండే స్కూలులో పిల్లలకు బైబిళ్లు ఉచితంగా పంచుతూ, అవి ఇంటిలో ఏ మూలన ఉన్నాయో ఎరుగని మనకు ఇది చదివితే సిగ్గు కలగాలి. లాసన్ అనే వృద్ధుడు అతనికి ఆత్మీయ తండ్రి అయ్యాడు. బండి తోలి బ్రతికే నల్లజాతివాడు, చదువు అంతంత మాత్రం. పిల్లవాడు ఆయనకు అక్షరం చెప్పేవాడు, ఆయన పిల్లవానికి ఆత్మను చెప్పేవాడు. దేవుడు నీకు గొప్ప పని నియమించాడని ఆ పిల్లవానితో మొదట అన్నది లాసనే. ఆయనకు విగ్రహం లేదు.

1830ల మొదట్లో డగ్లస్‌ను మరల టాల్బట్ కౌంటీకి, థామస్ ఆల్డ్ అనే యజమాని దగ్గరికి పంపారు. ఆ యజమాని ఒక మెథడిస్టు గుడార కూటంలో ముందుకు వచ్చి, మోకరించి, రక్షణ పొందానన్నాడు. ఆ రోజు డగ్లస్ దూరంగా నిలబడి అతని ముఖమే చూస్తూ ఉన్నాడు. ఇతని మారుమనస్సు నిజమైతే బానిసలను విడిచిపెడతాడు, అంత కాకపోయినా దయగా చూస్తాడు అని అతని ఆశ. మనం కూటాలలో చేతులెత్తినవారిని లెక్కపెట్టి నివేదిక రాస్తాము. అక్కడ మాత్రం లెక్కపెట్టినవాడు బానిస.

ఆశ అడుగంటింది. యజమాని ఇంట ఉదయం సాయంకాలం ప్రార్థన మొదలైంది, బోధకులకు ఆ ఇల్లు విడిది అయ్యింది, అతిథులకు విందులు జరిగాయి, బానిసలకు తిండి చాలలేదు. కొరడా ఆగలేదు. పైపెచ్చు ఇప్పుడు కొరడాకు లేఖనం తోడు వచ్చింది. విల్సన్ అనే యౌవనస్థుడు బానిసలకు క్రొత్త నిబంధన చదవడం నేర్పుదామని సండే స్కూలు పెడితే, మూడు వారాలకే మెథడిస్టు క్లాసు లీడర్లు కర్రలతో వచ్చి చెదరగొట్టారు. డగ్లస్ ఊరుకోలేదు. 1835లో వేరొక యజమాని దగ్గర ఉన్నప్పుడు ఒక స్వతంత్ర నల్లజాతివాని ఇంటిలో రహస్యంగా సబ్బాతు బడి నడిపాడు. నలభైమందికి పైగా వచ్చేవారు. తన జీవితంలో అంత ఇష్టంగా చేసిన పని మరొకటి లేదన్నట్టు రాశాడు. ఆ అబ్బాయి ప్రశ్నకు నేను మొదట ఇచ్చిన జవాబు ఇదే: తెల్లవారి క్లాసు లీడర్లు మూయించిన సండే స్కూలును తెరిచినవాడు ఈయన.

న్యాయంగా మరొకటి చెప్పాలి. డగ్లస్ బోధకులందరినీ ఒకే గాటన కట్టలేదు. జార్జి కుక్‌మన్ అనే మెథడిస్టు బోధకుని బానిసలు ప్రేమించారని, ఒక ధనికుడు తన బానిసలను విడుదల చేయడానికి ఆయనే కారణమని వారు నమ్మారని పేరు పెట్టి రాశాడు. అందరిలో ఒకరి పేరైనా అలా మిగలడం మనకు ఆదరణ, భయం కూడా.

లూకా 12:47 ఎవరికి చెప్పబడింది?

వేదాంత విద్యార్థులు ఇక్కడ కొంత ఆగాలి. డగ్లస్‌కు హెన్నీ అనే బంధువు ఉండేది. చిన్ననాట నిప్పులో పడి చేతులు కాలి, పనికి రాకుండా పోయిన అమ్మాయి. థామస్ ఆల్డ్ ఆమెను కట్టివేసి, నడుము పైభాగాన బట్ట లేకుండా, రక్తం కారేవరకు కొట్టేవాడు. కొడుతూ ఒక వచనం చెప్పేవాడు. యజమానుని చిత్తం తెలిసి కూడా చేయని దాసునికి అనేక దెబ్బలు తగులుతాయనే లూకా 12:47. ఈ సంఘటనను డగ్లస్ కంటితో చూసి రాశాడు.

ఆ వచనాన్ని దాని సందర్భంలో పెట్టి చదువుదాం. 12:41లో పేతురు అడుగుతాడు, ప్రభువా ఈ ఉపమానం మాతోనా, అందరితోనా అని. ప్రభువు జవాబు గృహనిర్వాహకుని గురించినది. అంటే ఇంటివారికి వేళకు ఆహారం పెట్టే బాధ్యత అప్పగించబడినవాడు. 12:45లో ఆ నిర్వాహకుడు యజమానుడు రావడానికి ఆలస్యమవుతుందని అనుకొని, తన చేతి క్రింద ఉన్న దాసులనూ దాసీలనూ కొట్టడం మొదలుపెడతాడు, తాను తిని త్రాగి మత్తుగా ఉంటాడు. 12:46లో యజమానుడు అనుకోని దినాన వస్తాడు. 12:47లోని అనేక దెబ్బలు వీనికి, వీనివంటివారికి. అధికారం పొంది, చిత్తం తెలిసి, తన క్రిందివారిని కొట్టినవానికి. 12:48 చివరి భాగం దీనిని స్థిరపరుస్తుంది. ఎక్కువగా అప్పగింపబడినవాని యొద్ద ఎక్కువగా అడుగుతారు.

థామస్ ఆల్డ్ 45వ వచనంలో నిలబడి 47వ వచనం చదివాడు. కొరడా పట్టుకొన్న చేతిని శిక్షించే మాటను కొరడా దెబ్బకు ఆమోదముద్రగా వాడుకున్నాడు. అతనికి చదువు వచ్చు, గ్రంథం చేతిలో ఉంది, ఇంటిలో బోధకులు భోజనం చేస్తున్నారు. రెండు వచనాలు వెనక్కు వెళ్లి చదవమని చెప్పినవాడు ఒక్కడూ లేకపోయాడు. వచనాన్ని సందర్భం నుండి తీయకూడదని మొదటి సంవత్సరం వ్యాఖ్యాన శాస్త్రంలో మనకు నేర్పుతారు, మార్కులు కూడా వేస్తారు. అది మార్కుల సంగతి మాత్రమే కాదని హెన్నీ వీపు సాక్ష్యమిస్తుంది.

ఎఫెసీయులకు 6:5 విషయంలో కూడా ఆనాటి బోధకులు చేసింది ఇదే. 5వ వచనం బానిసలకు ప్రతి ఆదివారం వినిపించారు. 9వ వచనం, యజమానులు బెదిరింపు మానాలని, పరలోకంలో ఇద్దరికీ ఒకే యజమానుడున్నాడని చెప్పేది, ముందు వరుసలో కూర్చున్నవారికి వినిపించలేదు.

రెండు విడతల బల్ల

1838 సెప్టెంబరు 3న నావికుని వేషంలో, అరువు తెచ్చుకొన్న పత్రాలతో డగ్లస్ తప్పించుకున్నాడు. మాసచూసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ చేరాడు. అక్కడ బానిసత్వం లేదు. ఎల్మ్ స్ట్రీట్ మెథడిస్టు సంఘానికి వెళ్లాడు. నల్లజాతివారికి వెనుక చోటు ఇచ్చారు. మారుమనస్సు పొందనివారు నొచ్చుకోకుండా ఉండాలని ఈ ఏర్పాటు కావచ్చు, సంఘస్థులు మాత్రమే మిగిలినప్పుడు తీరు మారుతుందిలే అని సరిపెట్టుకున్నాడు. ప్రభురాత్రి భోజనం నాడు మిగిలినవారిని పంపి తలుపులు వేశారు. తెల్లవారందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకొని ముగించేవరకు అరడజనుమంది నల్లజాతి విశ్వాసులు తలుపు దగ్గర మూలన ఉన్నారు. అప్పుడు కాపరి వారివైపు తిరిగి, రండి, దేవుడు పక్షపాతి కాడు అని పిలిచాడు. అపొస్తలుల కార్యములు 10:34లో పేతురు కొర్నేలి ఇంట గుమ్మం దాటి పలికిన మాటను ఆ కాపరి గుమ్మం దగ్గర నిలిపినవారికి చెప్పాడు. డగ్లస్ ఆ సంఘానికి మరల వెళ్లలేదు.

సంఘాన్ని మాత్రం విడువలేదు. నల్లజాతివారి చిన్న సంఘమైన ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ జయోను సంఘంలో చేరి, క్లాసు లీడరై, స్థానిక ప్రసంగీకుడయ్యాడు. 1841లో నాంటకెట్ సభలో మాట్లాడి దేశానికి తెలియకముందే అతని గొంతు ఆ చిన్న పులిపీటం దగ్గర సాధన పొందింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను సేవ మొదలుపెట్టిన తొలి సంవత్సరాలలో ఒక ఊరి సంఘంలో బల్ల ఇచ్చేటప్పుడు, పాత కుటుంబాలవారికి ముందు, ప్రక్క పేటనుండి క్రొత్తగా బాప్తిస్మం పొంది వచ్చినవారికి చివర ఇచ్చేవాడిని. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. కూర్చున్న క్రమమే అది, నేను ఆ క్రమాన్ని అనుసరించాను, అంతే. ఒక ఆదివారం ఒక ముసలమ్మ గిన్నె అందుకోకుండా, "అందరూ అయ్యారా అయ్యగారూ?" అని అడిగింది. వినయంగానే అడిగింది. ఆమె ఎందుకు అడిగిందో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. న్యూ బెడ్‌ఫర్డ్ కాపరిని విమర్శించే అర్హత నాకు లేదని తెలిసే పై పేరా రాశాను. పేటకొక గుడి, కులానికొక సమాధుల దొడ్డి ఉన్న ఊళ్లు మనలో చాలామందికి తెలుసు.

28వ వచనం దగ్గర ఆగిన పుస్తకం

1845 మేలో బోస్టన్‌లో డగ్లస్ మొదటి ఆత్మకథ అచ్చయింది. మతం మీద తన మాటలు చదివి తాను మతవిరోధినని ఎవరైనా అనుకుంటారేమోనని చివర ఒక అనుబంధం చేర్చాడు. ఈ దేశపు బానిసయజమానుల క్రైస్తవ్యం వేరు, క్రీస్తు క్రైస్తవ్యం వేరు, ఒకదానిని ప్రేమించేవాడు రెండవదానిని ద్వేషించక తప్పదు అనేది దాని సారం. అనుబంధంలో మత్తయి 23వ అధ్యాయం నుండి, శాస్త్రులకూ పరిసయ్యులకూ ప్రభువు పలికిన శ్రమలను వరుసగా ఉదహరించాడు. మోయలేని బరువులు కట్టి ఇతరుల భుజాల మీద పెట్టడం, పుదీనాలో పదవ వంతు ఇచ్చి న్యాయాన్ని విడిచిపెట్టడం, సున్నం కొట్టిన సమాధులు. 28వ వచనంతో ఆ ఉదాహరణ ముగుస్తుంది.

దాని తరువాతి వచనం ఏమిటో మీకు తెలుసు. 29వ వచనంలో ప్రభువు ప్రవక్తల సమాధులు కట్టేవారిని, నీతిమంతుల గోరీలను అలంకరించేవారిని గురించి మాట్లాడతాడు. మా పితరుల దినాలలో మేము ఉండి ఉంటే ప్రవక్తల మరణంలో వారితో పాలివారమయ్యేవారం కాము అని వారు చెప్పుకుంటారు (23:30). ఆ మాటే వారు ఎవరి సంతానమో సాక్ష్యమిస్తుందని ప్రభువు అంటాడు (23:31).

1845లో డగ్లస్ ఆ వచనం దాకా రానవసరం లేదు. అప్పుడు ప్రవక్త బ్రతికే ఉన్నాడు, అతనికి సమాధి కట్టేవారు ఇంకా పుట్టలేదు. ఇప్పుడు మనం 29వ వచనంలో ఉన్నాము. కాల్వర్ట్ పునాది వేసిన నేల మీద డగ్లస్ నిలబడ్డాడు. ఇది గిల్గాలు రాయా, అలంకరించిన గోరీయా? నా అభిప్రాయం చెబుతాను. సమాధి కట్టడాన్ని ప్రభువు తప్పు పట్టలేదు. 'మేము ఉండి ఉంటే' అన్న మాటను తప్పు పట్టాడు. తమ స్థాపకుల బానిసల సంగతిని తామే వెదికి ప్రకటించిన విద్యాలయం ఆ మాట అనలేదు, కనీసం పూర్తిగా అనలేదు. '1856 ప్రాజెక్టు' అనే పేరుతో ఆ వెదకడం తరువాత కూడా సాగించారు. అయినా విగ్రహం నిలిపిన రెండేళ్లలోపే, 2017 మేలో, అదే ఆవరణలో బస్సు ఆగే చోట నిలబడిన ఒక నల్లజాతి విద్యార్థిని, సమీపంలోని మరొక విశ్వవిద్యాలయంలో చదివేవాడిని, ఒక తెల్లజాతి విద్యార్థి పొడిచి చంపాడు. కంచు ఎవరినీ కాపాడదు.

టాల్బట్ కౌంటీ సంగతి మరీ చిత్రం. ఈస్టన్ పట్టణంలో న్యాయస్థానం ముందు 2011లో డగ్లస్ విగ్రహం పెట్టారు. అదే పచ్చికలో బానిసత్వం పక్షాన యుద్ధం చేసిన సైనికుల స్మారకం 1916 నుండి నిలిచి ఉంది. పదేళ్లకు పైగా రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. 2022 మార్చిలో గాని రెండవది తొలగించలేదు.

విగ్రహాల గురించి డగ్లస్ మాట

మనలో కొందరికి విగ్రహమనే మాటే ఇబ్బంది. నిర్గమకాండము 20:4-5 మ్రొక్కడానికి చేసిన రూపాన్ని నిషేధిస్తుంది. జ్ఞాపకార్థపు రాయిని కాదు. అయితే 2 రాజులు 18:4 కూడా మరువకూడదు. దేవుడు చెప్పగా మోషే చేసిన ఇత్తడి సర్పమే తరువాత ధూపం వేయించుకొంది. హిజ్కియా దానిని పగులగొట్టవలసి వచ్చింది. జయంతినాడు దండ వేసి, మిగతా సంవత్సరమంతా ఆ మనిషి మాట వినకుండా ఉండడం మన ఊళ్లలో కూడా తెలిసిన పద్ధతే.

డగ్లస్‌కు ఈ విషయంలో స్పష్టమైన ఆలోచన ఉంది. 1876 ఏప్రిల్ 14న వాషింగ్టన్ నగరంలో లింకన్ స్మారక విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు ప్రధాన ప్రసంగం అతనిదే. విడుదల పొందిన బానిసలు తమ కూలి డబ్బులు వేసి కట్టించిన స్మారకం అది. షార్లెట్ స్కాట్ అనే స్త్రీ ఇచ్చిన 5 డాలర్లు మొదటి చందా. కాని రూపం నిర్ణయించినది వారు కాదు. లింకన్ నిలబడి ఉంటాడు, నల్లజాతివాడు అతని పాదాల దగ్గర మోకాళ్ల మీద ఉంటాడు. కొన్ని రోజుల తరువాత డగ్లస్ ఒక వార్తాపత్రికకు ఉత్తరం రాశాడు. నల్లజాతివాడు మోకరించి గాక మనిషిగా నిటారుగా నిలబడిన స్మారకాన్ని తాను చనిపోయేలోగా చూడాలని అందులో కోరాడు. మరుగున పడిన ఆ ఉత్తరం 2020లో పరిశోధకులకు దొరికింది. కాలేజ్ పార్క్ విగ్రహం ప్రతిష్ఠించినవారికి ఆ ఉత్తరం సంగతి తెలిసే అవకాశం తక్కువ. అయినా వారు నిలబెట్టినది ఆయన కోరినట్టే నిటారుగా ఉంది.

నెల్లూరుకు వచ్చే దారి

ఇది దూరదేశపు కథే గదా అనుకొనే తెలుగు బాప్తిస్టు విద్యార్థికి ఒక సంగతి. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన మిషనుకు పై అధికారం బోస్టన్‌లోని అమెరికన్ బాప్తిస్టు బోర్డు. బానిసత్వం విషయంలో తటస్థంగా ఉండాలని ఆ బాప్తిస్టులు చాలాకాలం ప్రయత్నించారు. దక్షిణాదివారి కానుకలు అవసరం మరి. 1844 చివరలో అలబామా బాప్తిస్టులు సూటిగా అడిగారు, బానిసలున్నవానిని మీరు మిషనరీగా నియమిస్తారా లేదా అని. బానిసలను ఉంచుకొంటాననే వానిని నియమించలేము అని బోర్డు జవాబిచ్చింది. 1845 మేలో దక్షిణాదివారు వేరుపడి సదరన్ బాప్తిస్టు కన్వెన్షన్ పెట్టుకున్నారు. డగ్లస్ పుస్తకం అదే నెలలో, ఆ బోర్డు ఉన్న బోస్టన్ నగరంలోనే వెలువడింది. నెల్లూరు మిషను ఉత్తరాదివారి చేతిలో మిగిలింది. ఆ జవాబు వేరుగా ఉండి ఉంటే కృష్ణకు దక్షిణాన మనకు సువార్త తెచ్చిన కానుకలలో బానిసల కష్టార్జితం ఇంకెన్నాళ్లు కలిసి ఉండేదో ఆలోచించవలసిన సంగతి. మన సంఘ చరిత్ర పుస్తకాలు డే ప్రార్థనలను, జ్యూయెట్ పట్టుదలను, క్లౌ బాప్తిస్మాలను వివరంగా చెబుతాయి. 1845 చీలికను ఒక వాక్యంలో దాటవేస్తాయి.

1846లో డగ్లస్ స్కాట్లాండులో చేసింది కూడా ఇలాంటి పోరాటమే. అక్కడి ఫ్రీ చర్చి అమెరికా దక్షిణాది సంఘాలనుండి సుమారు 3,000 పౌండ్ల చందా తీసుకొంది. ఆ డబ్బు తిరిగి పంపండని డగ్లస్ ఊరూరా ప్రసంగించాడు. గోడల మీద కూడా ఆ మాట రాశారు. డబ్బు తిరిగి పంపలేదు.

సెయింట్ మైకేల్స్‌లో ఒక పడకగది

చివరగా ఆ అబ్బాయి అడగని సంగతి ఒకటి రాశాను. 1877 జూన్‌లో, వాషింగ్టన్‌లో ప్రభుత్వ మార్షల్ పదవిలో ఉన్న డగ్లస్, సెయింట్ మైకేల్స్‌లో మంచం పట్టిన థామస్ ఆల్డ్‌ను చూడడానికి వెళ్లాడు. వృద్ధుడు వణికే చేతులు చాపి, మార్షల్ డగ్లస్ అని పిలిచాడు. మీకు నేను మార్షల్‌ను కాను, మునుపటివలె ఫ్రెడరిక్‌నే అని ఇతడు చెప్పాడు. ఆల్డ్ కన్నీరు కార్చాడు, డగ్లస్‌కు కొంతసేపు మాట రాలేదు. నేను పారిపోయినందుకు మీరేమనుకున్నారు అని డగ్లస్ అడిగితే, నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసి ఉండేవాడిని అని ఆల్డ్ చెప్పాడు. తన అమ్మమ్మను ఆల్డ్ నిరాధారంగా వదిలివేశాడని డగ్లస్ గతంలో అచ్చులో నిందించాడు. ఆమె తన ఆస్తి కాదని, పైగా తానే ఆమెను తెప్పించి చూసుకున్నానని ఆల్డ్ చెప్పగా, డగ్లస్ తన తప్పు ఒప్పుకున్నాడు. తాను ఎప్పుడు పుట్టాడో కూడా అడిగి తెలుసుకున్నాడు. 1818 ఫిబ్రవరి అని చెప్పింది ఆల్డే. బానిసకు జన్మదినం యజమాని లెక్కల పుస్తకంలో ఉంటుంది.

ఈ భేటీని సమాధానపు ప్రసంగానికి ఉదాహరణగా వాడేవారు ఒకటి గమనించాలి. డగ్లస్ రాసిన వివరణలో తాను అన్న తప్పుమాటకు తాను క్షమాపణ కోరిన సంగతి ఉంది. హెన్నీ ప్రస్తావన ఇరువైపులా లేదు. ఆమెను ఆల్డ్ చాలాకాలం క్రిందటే, నీ బ్రతుకు నీవు చూసుకో అని ఇంటినుండి పంపివేశాడు.